పెద్దమ్మ బీరువాలో పాత డాక్టరు పుస్తకాలు: ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి?

నయీంనగర్ అక్క
అందరికీ నమస్తే. మా పెద్దమ్మ ముప్ఫై మూడేళ్ళు సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేసింది. ఎక్కువ కాలం లేబర్‌రూంలోనే, రిటైర్ అయ్యే ముందు ఆరేళ్ళు మాత్రం యూరాలజీ, అంటే మూత్రం జబ్బుల వార్డులో. పోయిన సంక్రాంతి తర్వాత కాలం చేసింది. పిల్లలు లేరు, ఇల్లు ఖాళీ చేసే పని నా మీద పడింది. చీరలు, సామాన్లు పంచడం తేలికే అయింది కానీ బీరువాలో కింది అర నిండా డాక్టరు పుస్తకాలు ఉన్నాయి, వాటి దగ్గర ఆగిపోయాను. కాన్పులవి, ఆడవాళ్ళ జబ్బులవి, పసిపిల్లలవి, మూత్రం జబ్బులవి. మా చెల్లె కూతురు ఇక్కడే నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది, అన్నీ నాకే కావాలంటోంది. మా కోడలికి ఇప్పుడు ఆరో నెల, అది కూడా అప్పుడప్పుడు తిరగేస్తోంది. ఇంత పాతవి చదవనివ్వొచ్చా? పాత పేపర్లోళ్ళకు వెయ్యడానికి చేతులు రావట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత పుస్తకాల సంచి
అక్కా, ముందు ప్రతి పుస్తకం తెరిచి పేరు ఉన్న పేజీ వెనక చూడండి. ఎన్నో ఎడిషన్, ఏ సంవత్సరం అని అక్కడ ఉంటుంది. అట్ట చూసి ఏమీ తెలియదు. నేను కోఠిలో సెకండ్ హ్యాండ్ మెడికల్ పుస్తకాలు కొంటుంటాను, అక్కడ పాత పుస్తకానికి కొత్త బైండింగ్ వేసి అమ్మడం మామూలే. సంవత్సరాలు రాస్తే సంగతి చెప్పొచ్చు.

నయీంనగర్ అక్క
చూశాను. మైల్స్ మిడ్‌వైఫ్‌ల పుస్తకం, అంటే కాన్పులు చేసే నర్సులది, 1985. దత్తా ఆబ్‌స్టెట్రిక్స్, అదీ కాన్పులదే, 1998. పసిపిల్లలది మెహర్‌బాన్ సింగ్ గారి కేర్ ఆఫ్ ది న్యూబార్న్ 1991. స్మిత్ జనరల్ యూరాలజీ 1984. ఆడవాళ్ళ జబ్బులది షా గైనకాలజీ కూడా ఒకటి ఉంది, ముందు పేజీలు ఊడిపోయి సంవత్సరం తెలియట్లేదు.
ఇంకోటి. మైల్స్‌లోనూ దత్తాలోనూ అంచుల పొడుగునా పెన్సిల్‌తో తెలుగులో రాసుకుంది. చిన్న అక్షరాలు. కొన్నిచోట్ల తారీఖులు కూడా ఉన్నాయి. అవి చూశాక నిన్న రాత్రి నిద్ర పట్టలేదు.

లేబర్‌రూం సిస్టర్
ఆ పెన్సిల్ రాతల మాట విని నాకు కడుపులో కదిలింది. నేను పంతొమ్మిదేళ్ళుగా అదే పనిలో ఉన్నాను. అక్కా, ఆ మైల్స్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మార్గరెట్ మైల్స్ స్కాట్లాండ్‌లో మిడ్‌వైఫ్, 1953లో మొదటిసారి రాసింది. మా ముందు తరం సిస్టర్లు చాలామందికి కాన్పు పని నేర్పింది ఆ పుస్తకమే. పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో పట్టుకోవడం, మాయ మొత్తం వచ్చిందా లేదా అని తిప్పి చూడడం, ఇవి అప్పుడెట్లా ఉన్నాయో ఇప్పుడూ అంతే. మీ చెల్లె కూతురు ఆ బొమ్మలు చూసి నేర్చుకుంటే నష్టం ఏమీ లేదు.

కానీ "ఇట్లా చెయ్యాలి" అని రాసిన చోట జాగ్రత్త. ఈ ఇరవై ఏళ్ళలో చాలా మారింది. గర్భసంచి మూతి 4 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి నొప్పులు గట్టిపడే దశ అని మాకు నేర్పారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) దాన్ని 5 అంది, గంటకు ఒక సెంటీమీటర్ తెరుచుకోవాల్సిందే అనే లెక్క కూడా వద్దంది. ఇది చిన్న తేడా కాదు. పాత లెక్క పట్టుకుంటే ఇంకా టైం ఉన్న తల్లిని కూడా "కాన్పు ముందుకు పోవట్లేదు" అని ఆపరేషన్‌కు పంపిస్తాం. మన తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2019-21లో, వచ్చింది, అప్పుడు దేశంలో అందరికన్నా మనమే ఎక్కువ. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ పుస్తకం మీద వేయను. కానీ చేతిలో ఉన్న లెక్క పాతదైతే ఓపిక పట్టే దారి ముందే మూసుకుపోతుంది.

ఎనిమా ఇవ్వడం, షేవింగ్ చేయడం, మొదటి కాన్పు అనగానే కోసి కుట్లు వేయడం, ఇవన్నీ పాత పుస్తకాల్లో మామూలు పనులు. ఇప్పుడు అందరికీ చేయొద్దు. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే ట్రానెక్సమిక్ యాసిడ్ ఇంజెక్షన్ మూడు గంటల లోపల ఇవ్వాలనేది 2017 తర్వాత వచ్చింది. 1998 దత్తాలో కాన్పు రక్తస్రావం పేజీలో ఆ పేరు వెతికినా దొరకదు. కాబట్టి అమ్మాయి పరీక్షకూ వార్డుకూ దత్తా కొత్త ఎడిషన్ కొనాల్సిందే. దాన్ని ఇప్పుడు హీరాలాల్ కోనార్ గారు సవరించి తెస్తున్నారు. నర్సింగ్ వాళ్ళకు అన్నమ్మ జేకబ్ మిడ్‌వైఫరీ పుస్తకం ఇంకా సులువుగా ఉంటుంది. విలియమ్స్ అనే కాన్పుల పుస్తకం చాలా పెద్దది, 1903 నుంచి వస్తోంది, అది పీజీ డాక్టర్లకు. కాలేజీ లైబ్రరీలో చూసుకుంటే చాలు.

మంచిర్యాల పిల్లల డాక్టర్
సిస్టర్ చెప్పిన ప్రతి మాటా నిజం. పసిపిల్లల వైపు సంగతి నేను చెప్తాను.

మెహర్‌బాన్ సింగ్ గారి పుస్తకం మన దేశంలో పసిపిల్లల వైద్యం అసలు ప్రత్యేకంగా లేని రోజుల నుంచి దారి చూపించింది. వెచ్చగా ఉంచడం, ముర్రుపాలు పట్టడం, చేతులు కడుక్కోవడం, తక్కువ బరువు బిడ్డను గమనించుకోవడం గురించి అందులో రాసింది ఇవాళ కూడా చదవొచ్చు. కానీ పుట్టగానే ఏడవని బిడ్డకు ఏం చెయ్యాలి అనే అధ్యాయాన్ని 1991 పుస్తకంలో దయచేసి చదవొద్దు. అప్పుడు నూటికి నూరు శాతం ఆక్సిజన్ పెట్టేవాళ్ళం. 2010 నుంచి నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే మొదలుపెట్టమంటున్నారు. ఉమ్మనీటిలో మలం కలిసి బిడ్డ సత్తువ లేకుండా పుడితే, ముందు గొంతులోకి గొట్టం వేసి లాగేవాళ్ళం. 2015లో అది అందరికీ చేయొద్దన్నారు, ఎందుకంటే ఆ లాగే సమయంలో ఊపిరి ఇవ్వడం ఆలస్యమవుతోంది. మొదటి నిమిషం చాలా విలువైనది. బొడ్డుతాడు కూడా అంతే. వెంటనే కోసేవాళ్ళం, ఇప్పుడు బిడ్డ బాగుంటే కనీసం ఒక నిమిషం ఆగమంటున్నారు, ఆ కాస్త రక్తం బిడ్డకు తర్వాత ఇనుము నిల్వగా పనికొస్తుంది.

నేను పీజీలో ఉండగా ఒక సీనియర్ పాత పుస్తకం చూసి బిడ్డకు గొట్టం వేయబోతే మా ప్రొఫెసర్ చెయ్యి పట్టుకుని ఆపారు. ఇప్పుడు నా టేబుల్ మీద ఏ పుస్తకం ఉన్నా ముందు పేజీలో సంవత్సరం ఎర్ర పెన్నుతో రాసి పెడతాను.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. జిరాక్స్ కొట్టి బైండ్ చేసిన పుస్తకాలు సగం ధరకే దొరుకుతాయి, పిల్లలు అవే కొంటారు. పెద్దవాళ్ళ మందులకు ఏమో కానీ, పసిబిడ్డ డోసు అంకెలో చుక్క పోతే ప్రాణం మీదికొస్తుంది. పుట్టగానే ఇచ్చే విటమిన్ కె కిలో దాటిన బిడ్డకు 1 మిల్లీగ్రాము, కిలో లోపు బిడ్డకు 0.5. ఆ సున్నా పక్కన చుక్క జిరాక్స్‌లో కనిపించని పేజీని నేనే చూశాను. అసలు పుస్తకమే కొనివ్వండి, డబ్బు లేకపోతే పాత అసలు కాపీ కన్నా లైబ్రరీలో కొత్తది చదువుకోవడం మేలు.

పాత పుస్తకాల సంచి
ఆ మాట కోఠిలో బోర్డు రాసి పెట్టాలి సార్. నేను ఇన్నాళ్ళూ ధరే చూశాను.

హుజూరాబాద్ సారు
నేను డాక్టర్ని కాను, రిటైర్డ్ టీచర్ని. మీరంతా చదువుకునే అమ్మాయి గురించి చెప్తున్నారు కానీ, అక్క తన కోడలు కూడా తిరగేస్తోందని రాసింది, దాని మీద ఎవరూ మాట్లాడలేదు. నా అనుభవం చెప్తాను. మా కూతురు కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో స్కానింగ్ తీస్తే తన కుడి కిడ్నీకి కొద్దిగా వాపు ఉందని రాశారు. డాక్టరమ్మ ఏమీ కాదు లెమ్మంది. మాకు మనసు ఆగలేదు. మా తమ్ముడి కొడుకు దగ్గర ఒక యూరాలజీ పుస్తకం ఉంటే తెచ్చి చూశాం. కిడ్నీ వాపు అని వెతికితే అందులో రాళ్ళు, గడ్డలు, కిడ్నీ చెడిపోవడం, ఇవే. మూడు రోజులు ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. కూతురి ఏడుపు. చివరికి హైదరాబాద్ పోయి ఇంకో స్కానింగ్ తీయించుకుని వచ్చాం, అదీ అదే చెప్పింది. నన్నడిగితే ఇట్లాంటి పుస్తకాలు కడుపుతో ఉన్న పిల్ల చేతికి అందకుండా పెట్టాలి.

లేబర్‌రూం సిస్టర్
సారూ, మీ బాధ అర్థమైంది. కానీ దాచిపెట్టమంటే నేను ఒప్పుకోను. మా దగ్గరికి వచ్చే తల్లుల్లో సగం మందికి తమ రిపోర్టులో ఏముందో ఎవరూ చెప్పరు. అడిగితే "నీకెందుకమ్మా" అంటారు. చదవొద్దు అనే మాట ఆడవాళ్ళకు ఇప్పటికే చాలామంది చెప్పారు.

యూరాలజీ పీజీ
సార్, మీరు చదివిన పుస్తకం తప్పు రాయలేదు, మీ ప్రశ్నకు ఆ ఒక్క పుస్తకం చాలదు, అంతే. కడుపుతో ఉన్నప్పుడు కుడి కిడ్నీ కాస్త ఉబ్బడం చాలామందిలో మామూలు. గర్భసంచి పెరుగుతూ కొద్దిగా కుడి వైపు తిరుగుతుంది, కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టాన్ని, అంటే యురేటర్‌ను, ఒత్తుతుంది. ప్రొజెస్టరాన్ హార్మోన్ ఆ గొట్టాన్ని వదులు చేస్తుంది కూడా. కాన్పు అయ్యాక కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. జ్వరం, చలి, భరించలేని నడుము నొప్పి ఉంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే దవాఖానకు పోవాలి. ఈ మాట కాన్పుల పుస్తకంలో, గర్భిణి ఒంట్లో వచ్చే మార్పుల అధ్యాయంలో సగం పేజీ ఉంటుంది. అది ముందు చూసి ఉంటే మీకు ఆ మూడు రోజుల టెన్షన్ ఉండేది కాదు.

అక్కా, మీ పెద్దమ్మ బీరువాలో ఈ మూడు రకాల పుస్తకాలు ఒక్క అరలో ఉండడం నాకు చాలా నచ్చింది. కాలేజీలో ఇవి మూడు డిపార్ట్‌మెంట్లు, మూడు బిల్డింగులు. ఒంట్లో మాత్రం పక్కపక్కనే ఉంటాయి. గర్భసంచికి రక్తం తెచ్చే ధమని కింద నుంచే యురేటర్ పోతుంది, వంతెన కింద నీళ్ళు అని మాకు మొదటి సంవత్సరం నుంచే గుర్తు పెట్టిస్తారు, ఎందుకంటే గర్భసంచి తీసేటప్పుడు ఆ ధమనిని కట్టే చోట గొట్టం కూడా ముడిలో పడొచ్చు. ఆడవాళ్ళలో మూత్రం బయటికి వచ్చే దారి సుమారు 4 సెంటీమీటర్లే, అందుకే ఇన్‌ఫెక్షన్ ఎక్కువ. గర్భిణికి మంట, నొప్పి ఏమీ లేకపోయినా మూత్ర పరీక్షలో సూక్ష్మజీవులు ఉంటే మందు ఇవ్వాల్సిందే, లేకపోతే కిడ్నీ దాకా పాకే ప్రమాదం ఉంది. మగబిడ్డ పుట్టాక మూత్రం ధారగా రాకుండా చుక్కలుగా పడితే లోపల కవాటం అడ్డం ఉందేమో చూడాలి. అది పసిపిల్లల డాక్టర్, యూరాలజీ ఇద్దరి పని. వృషణం కిందికి దిగకపోతే ఆరు నెలలు ఆగి, ఏడాది, ఏడాదిన్నర లోపల ఆపరేషన్ చేయించాలి. "పెద్దయ్యాక అదే దిగుతుంది" అని ఊళ్ళో చెప్పే మాట విని ఎనిమిదేళ్ళ పిల్లల్ని తెస్తుంటారు, చూస్తే బాధ అవుతుంది.

స్మిత్ 1984 సంగతి: శరీర నిర్మాణం, రోగి చెప్పే లక్షణాలను బట్టి జబ్బు పట్టుకోవడం, ఈ అధ్యాయాలు ఇప్పటికీ బంగారం. రాళ్ళ వైద్యం మాత్రం పూర్తిగా మారిపోయింది. రాయిని బయటి నుంచి షాక్ తరంగాలతో పగలగొట్టడం 1980లో జర్మనీలో మనిషి మీద మొదలైంది, ఆ పుస్తకం నాటికి అది ఇంకా కొత్త సంగతి. ఇప్పుడు లేజర్లు, సన్నటి దూర్బిణీలు. క్యాంప్‌బెల్ అని మా పెద్ద పుస్తకం ఒకటి ఉంది, 1954 నుంచి వస్తోంది, కొన్ని సంపుటాలు. నర్సింగ్ అమ్మాయికి అది అక్కర్లేదు.

కాజీపేట కోడలు
ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. యూరాలజీ తమ్ముడు ధమని, యురేటర్ అని రాసింది చదివాక ఆగలేకపోయాను.

మా అవ్వకు, అంటే మా అమ్మకు, ముప్ఫై ఎనిమిదేళ్ళకు గర్భసంచి తీశారు. తెల్లబట్ట అవుతోందని పోతే "ఉంటే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం" అన్నారు ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో. మా బాపు రెండెకరాల మీద అప్పు తెచ్చాడు. ఆపరేషన్ అయిన పది రోజులకు అవ్వకు మూత్రం కారడం మొదలైంది. పగలూ రాత్రీ, కూర్చున్నా పడుకున్నా. మళ్ళీ పోతే బలహీనత, తగ్గుతుంది అని టానిక్ రాసిచ్చారు. అవ్వ పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. బస్సు ఎక్కడం మానేసింది. నీళ్ళు తాగితే కారుతుందని నీళ్ళు తాగడం మానేసింది. పాత చీరలు చింపి గుడ్డలు పెట్టుకునేది, అవి ఎవరూ లేవకముందే ఉతికి పెరట్లో గోడ వెనక ఆరేసేది. నాకు అప్పుడు పదహారేళ్ళు. ఇంట్లో ఉండి కూడా నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది.

మా కాలేజీ మేడం ఒకావిడ తెలుగు పుస్తకం ఇచ్చింది, సవాలక్ష సందేహాలు. ఆడవాళ్ళ ఆరోగ్యం మీద స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు రాసింది. గర్భసంచి అవసరం లేకుండా తీసేయడం గురించి, మన ఒంట్లో ఏది ఎక్కడుందో, డాక్టర్‌ను ఏమడగాలో తెలుగులో చదవడం నాకు అదే మొదటిసారి. దాన్ని పట్టుకుని అవ్వ పక్కన కూర్చుని చదివి వినిపించాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది నా ఒక్కదానికే కాదా బిడ్డా" అంది. ఆ వారమే పెద్ద దవాఖానకు తీసుకుపోయాను, మూత్రాశయానికి చిల్లు పడిందని తేల్చారు, ఆపరేషన్ చేసి మూశారు. ఇప్పుడు మా అవ్వ నా పిల్లల్ని ఎత్తుకుని మేడారం జాతరకు కూడా పోయి వచ్చింది.

హుజూరాబాద్ సారూ, మీరు పెద్దవారు, మీ మీద గౌరవం ఉంది. కానీ పుస్తకం దాచిపెట్టమనకండి.

హుజూరాబాద్ సారు
అమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. భయపెట్టే పుస్తకం ఒక్కటి ఇచ్చి వదిలేయకూడదు, పక్కన చెప్పేవాళ్ళు ఉండాలి అని రాయాల్సింది. మీ అవ్వకు నా నమస్కారం చెప్పు.

యూరాలజీ పీజీ
అక్కా, చదివి కళ్ళు తడిశాయి. ఇలాంటి తల్లులు ఇంకా ఉంటారు కాబట్టి ఒక్క సంగతి చెప్తాను. గర్భసంచి ఆపరేషన్ తర్వాత గానీ కష్టమైన కాన్పు తర్వాత గానీ ఆగకుండా మూత్రం కారితే అది బలహీనత కాదు, టానిక్‌తో పోదు. పరీక్ష చాలా తేలిక: యోని లోపల మూడు దూది ఉండలు పెట్టి మూత్రాశయంలోకి నీలి రంగు మందు ఎక్కిస్తారు. దూది నీలం అయితే చిల్లు మూత్రాశయానికి. తడిసింది కానీ నీలం లేదంటే యురేటర్‌కు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మాత్రమే చుక్కలు పడడం వేరు, దానికి కటి కండరాల వ్యాయామం చాలామందికి పనిచేస్తుంది.
నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2015-16లో, మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 7.7 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంది. మీ అవ్వ లాంటివాళ్ళు ఆ లెక్కలో ఉన్నారు.

పరకాల ఆశ
నమస్తే. నేను ఆశ వర్కర్‌ని. మీరు చెప్పే పుస్తకాలన్నీ ఇంగ్లీషు. మేము కాన్పు అయి ఇంటికి వచ్చిన తల్లి దగ్గరికి 3, 7, 14, 21, 28, 42 రోజులకు పోతాం. అత్తలు, అమ్మమ్మలు అడుగుతారు: బొడ్డుకు పసుపు పెట్టొచ్చా, తేనె నాకించొచ్చా, పచ్చకామెర్లకు ఎండలో పెడితే పోతుందా అని. "వద్దు" అంటే "నీకెవరు చెప్పిండ్రు" అంటారు. చేతిలో తెలుగు పుస్తకం ఉండి ఇగో ఇక్కడ రాసి ఉంది అని చూపిస్తే వింటారు. అట్లాంటిది ఏముంది సార్?

మంచిర్యాల పిల్లల డాక్టర్
అమ్మా, మీ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. డేవిడ్ వెర్నర్ పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు వైద్యుడు లేని చోట అని తెలుగులో తెచ్చారు, బొమ్మలతో ఉంటుంది, చూపించడానికి బాగుంటుంది. అదీ పాతదే కాబట్టి మందుల డోసులు అందులో చూడొద్దు. మీ చేతిలోనే ఉన్న తల్లీబిడ్డల కార్డును కూడా తక్కువ చూడకండి, ప్రమాద సంకేతాలు బొమ్మలతో ఉన్నాయి.
మీరు అడిగినవాటికి: బొడ్డుకు ఏమీ పెట్టొద్దు, పొడిగా ఉంచాలి. తేనె వద్దు, ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు. ఎండ కామెర్లకు వైద్యం కాదు. పుట్టిన 24 గంటల లోపల పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ళ దాకా పచ్చబడినా అదే రోజు దవాఖాన. నిమిషానికి 60 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, పాలు తాగడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా ఆగొద్దు. మొదటి వారంలో బరువు కొద్దిగా తగ్గుతుంది, పదో వంతు దాకా, భయపడొద్దు. రెండు వారాల లోపల పుట్టిన బరువుకు మళ్ళీ రావాలి.

పరకాల ఆశ
రాసుకున్నాను సార్.

నయీంనగర్ అక్క
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. ఏం అనుకున్నానో చెప్తాను.

దత్తా, షా కొత్తవి చెల్లె కూతురికి నేనే కొనిస్తున్నాను, అసలువే. పసిపిల్లలది, స్మిత్‌ది లోపలి పేజీ మీద ఎర్ర పెన్నుతో సంవత్సరం పెద్దగా రాశాను, "మందులు, చికిత్స దీంట్లో చూడొద్దు" అని కింద రాశాను. ఇక్కడ హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయంలో అడుగుతాను, 1904 నుంచి ఉన్న గ్రంథాలయం, పాతవాటి విలువ తెలిసినవాళ్ళు, వాళ్ళు తీసుకుంటామంటే ఆ రెండూ అక్కడికే. కోడలికి సవాలక్ష సందేహాలు వెతుకుతున్నాను, ఎవరి దగ్గరైనా అదనపు కాపీ ఉంటే చెప్పండి.

మైల్స్, పాత దత్తా నా దగ్గరే ఉంటాయి. నిన్న మా కోడలు, నేను కూర్చుని అంచుల రాతలు వరుసగా చదివాం. కాన్పు తర్వాత రక్తస్రావం పేజీ పక్కన పెద్దమ్మ రాసింది ఇది: "రాత్రి రెండున్నర. ములుగు దిక్కు నుంచి వచ్చింది. రక్తం దొరికేసరికి తెల్లారింది. బిడ్డ బతికింది." తల్లి గురించి ఏమీ రాయలేదు. ఆ కింద వేరే పెన్సిల్‌తో, చాలా తర్వాత రాసినట్టుంది: "ముందే రక్తం గ్రూప్ చూసి పెట్టాలి. అందరికీ చెప్పు."

మా కోడలి గ్రూప్ కార్డులో రాయలేదని అప్పుడు చూసుకున్నాం. ఇవాళ పొద్దున పోయి రాయించుకుని వచ్చాం, ఓ నెగటివ్ అట. రక్తం ఇచ్చేవాళ్ళు ఇద్దరిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకొమ్మన్నారు, ఏడో నెలలో ఒక ఇంజెక్షన్ ఉంటుందని కూడా చెప్పారు. సిస్టర్, దాని గురించి కొత్త దత్తాలో ఎక్కడ ఉంటుంది?

లేబర్‌రూం సిస్టర్
విషయసూచికలో "ఆర్‌హెచ్" కింద చూడండి, గ్రూప్ పక్కన పాజిటివ్, నెగటివ్ అని రాసేది దాన్నే. యాంటీ డి ఇంజెక్షన్, 28 వారాలకు ఒకటి. బిడ్డ పుట్టాక బిడ్డ గ్రూప్ పాజిటివ్ అయితే 72 గంటల లోపల ఇంకోటి. మీ అబ్బాయి గ్రూప్ కూడా చూపించండి. అక్కా, మీ ఇంటి దగ్గర ఓ నెగటివ్ వాళ్ళు ఎవరూ లేకపోతే ఇక్కడ రాయండి, నాది అదే.